ఇంటిపెరటి లేతచెట్లకు కత్తిరింపు

పెరటిలో నాటిన అంటుమొక్కకు ఎరువు వేయుడనిన వేయువారును, నీరు పోయుడనిన పోయువారును గలరు. కొమ్మ కోయుడనిన మాత్రము వెనుదీయనివా రరుదు. పెంచిన చేతితో నరుకుట యెట్లని వారి సంశయము. అది మాకును కొంతకాల ముండెను. దానివలన మేము పొందిన నష్టమును మొదట జెప్పుదుము.

ఉద్యోగమున జేరిన క్రొత్తలో మా పెరటిలో ఒక సాత్‌గుడి బత్తాయి అంటును నాటితిమి. రెండవ యేట దాని మొదటినుండి ఒక కొమ్మ నిటారుగా లేచి, ఒక్క వానకాలములోనే తక్కినవానిని మించెను. చూచినవారెల్ల మెచ్చిరి, మేమును మురిసితిమి. అయిదవ యేట కాయలు వచ్చెను. తొక్క గరుకు, రసము పులుపు. అవి బత్తాయిలు కావు, జంబీరములు! ఊరివారికి అంటుకట్టుట నేర్పు మేమే, మా యింటి చెట్టును గుర్తింపలేకపోతిమి.

జరిగిన దేమనగా: బత్తాయి కన్నును జంబీరి మొక్కపైనగాని రంగపూరు నిమ్మ మొక్కపైనగాని కట్టుదురు. వేళ్లు ఆ మొక్కవే గనుక, అంటునకు దిగువనుండి వచ్చు చిగురు మిక్కిలి బలముగా బెరిగి, పైనున్న బత్తాయిని అణచివేయును. కావున అంటుకట్టినచోటును గుర్తెరిగి యుండవలెను. నేలకు జానెడెత్తున కాండము వంకరగానో, ఉబ్బుగానో కనబడును. పాదు చేయునప్పుడు దానిని మంటితో గప్పరాదు. దానికి దిగువ వచ్చు ప్రతి చిగురును లేతగా నున్నప్పుడే బొటనవ్రేలితో ద్రుంచివేయవలెను. ముదిరినచో కత్తెరతో మొదలంట కోయవలెను. మొద్దు మిగిలిన మరల చిగిర్చును. పక్షమున కొకసారి చూచిన చాలును.

అంటునకు పైన, నేలనుండి సుమారు 45 మొదలు 60 సెంటీమీటర్ల వరకు కాండముపై కొమ్మ లుండనీయక, ఆపైన నలుదిక్కులకు బోవు నాలుగైదు కొమ్మలను నిలుపవలెను. ఎండినవానిని, ఒకదానితో నొకటి రాచుకొనువానిని, నిట్టనిలువుగా లేచు నీరుకొమ్మలను దీసివేయవలెను. అంతటితో నాపవలెను. మా మాట విని క్షౌరము చేసినట్లు చెట్టును బోడిచేసినవారిని గూడ చూచితిమి. మన యెండలకు నీడ లేని కాండపు బెరడు మాడి పగులును. అట్టి కాండమునకు సున్నము పూయుట మేలు.

అన్ని చెట్లకు నొక్కటే పద్ధతి కాదు. జామ క్రొత్త చిగుళ్లపై పూయును గనుక కొనలు కత్తిరించినను కాపునకు లోపము రాదు. మామిడి పూత ముదిరిన రెమ్మల కొనలనుండి వచ్చును; పూతకు ముందు కొనలు గోసిన ఆ యేటి కాపు పోయినట్లే. కాయలు దింపిన వెంటనే ఆ పని ముగింపవలెను. లేత మామిడి అంటునకు మొదటి మూడేండ్లు వచ్చిన పూతను త్రుంచివేయుట మంచిది. ఇంటిలోని పిల్లలు దీని కొప్పుకొనరు! మల్లెకు మార్గశిర పుష్యములలో నీరు మాన్పి, మోకాలియెత్తున గోసి, పిమ్మట ఎరువువేసి నీరు పెట్టినచో వేసవిలో పూలు విరివిగా వచ్చును.

పెద్దగాయములకు బోర్డో ముద్ద పూయవలెను. బాటప్రక్క ద్రాక్షలను దొంగిలింపకుండ చల్లిన నీలిమందు ఆ తీగెలను తెగులునుండి కాపాడుటను ఫ్రాంసుదేశమున మిల్లర్డే అను శాస్త్రజ్ఞుడు 1882లో గమనించెను. ఈ మందు పుట్టుక యదియే. 100 గ్రాముల మైలుతుత్తమును అరలీటరు నీటను, 100 గ్రాముల రాతిసున్నమును వేరొక అరలీటరు నీటను కలిపి, రెంటిని మట్టిపాత్రలో గాని ప్లాస్టిక్కు తొట్టిలో గాని చేర్చవలెను. ఇనుపపాత్ర పనికిరాదు. మెరుగుపెట్టిన ఇనుపమేకును అందు కొంతసేపు ముంచి చూడుడు. ఎఱ్ఱని రాగిపూత పట్టినచో ఇంకను సున్నము చేర్చి, ఆనాడే వాడవలెను.