పిల్లల తుంటి సమస్యలు: బిట్లు

• డీడీహెచ్: పుట్టుకతో తుంటి కీలు వదులు లేదా తొలగడం. ముప్పు: ఆడపిల్లలు, ఎదురుకాళ్ల శిశువులు. ఎడమ తుంటికే ఎక్కువ.
• బార్లో పరీక్ష: కీలు జారుతుందా? ఆర్టొలాని: జారినది తిరిగి కూర్చుంటుందా? ★
• 6 నెలల లోపు చికిత్స: పావ్లిక్ పట్టీ.
• పెర్తీస్: 4-8 ఏళ్లు, మగపిల్లల్లో ఎక్కువ, తొడ ఎముక తలకు రక్తప్రసరణ లోపం.
• ఎస్‌సీఎఫ్‌ఈ: కౌమారం, ఊబకాయం; ఎముక తల జారడం. చికిత్స: స్క్రూ.
• జ్వరంతో తుంటి నొప్పి: కీలులో చీము అనుమానించాలి, అత్యవసరం.
• ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం): 2013, 0-18 ఏళ్లు, మొదట 30 సమస్యలు. 9 పుట్టుక లోపాల్లో డీడీహెచ్ ఒకటి. ★
• ఈ పథకంలో తనిఖీ: 6 వారాల వరకు ఇంటివద్ద ఆశా, 6 ఏళ్ల వరకు అంగన్‌వాడీలో, ఆపై సర్కారు బడిలో సంచార వైద్య బృందం.


★ అడిగే అవకాశం ఎక్కువ