స్లైడ్ల కంటే ముందు మెట్లు చూడండి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి లోపలి రోడ్లలో ఇరవై ముప్పై మందితో నడిచే ఐటీ ఆఫీసులు చాలా ఉన్నాయి. వాటిలో సేఫ్టీకని వేరే మనిషి ఉండరు. ఏ క్లయింటో, ఇన్సూరెన్సు వాళ్లో అడిగినప్పుడు హెచ్ఆర్‌లోనో అడ్మిన్‌లోనో ఉన్నవాళ్లకు పని పడుతుంది: "రిస్క్ అసెస్‌మెంట్ మీద ఒక ప్రజెంటేషన్ చెయ్యండి." ఆ పని మీకు పడితే నెట్‌లో దొరికే స్లైడ్ల జోలికి పోకండి. ముందు మీ ఆఫీసు మెట్లు కిందిదాకా దిగి చూడండి.

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లు, పై అంతస్తులోని ఒక ఆఫీసులో పనిచేసే పిల్లలు. పొగకు ఊపిరాడక పోయారు. అంతకు ఆరు నెలల ముందు, 2022 సెప్టెంబరు 12న, అదే సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో నిప్పు పుట్టింది. పొగ మెట్ల దారినే పైకి ఎక్కింది, ఎనిమిది మంది బతకలేదు. మీ సెల్లార్‌లోనూ స్కూటర్లు చార్జింగ్‌లో ఉంటాయి, జనరేటర్ ఉంటుంది. మీ మొదటి స్లైడులో ఈ రెండు తేదీలే పెట్టండి, ఉపోద్ఘాతం అక్కర్లేదు.

అందరూ సీట్లలో ఉన్న వేళ ఫోన్ పట్టుకుని ఆఫీసంతా తిరగండి. హౌస్‌కీపింగ్ అక్కనీ, సెక్యూరిటీ గార్డునీ వెంట తీసుకెళ్లండి. ఏ స్విచ్ వేడెక్కుతుందో, రాత్రి ఏ తలుపుకు తాళం పడుతుందో వాళ్లకు తెలిసినంత మేనేజర్‌కు తెలియదు. మెట్ల మలుపులో పేర్చిన పాత కుర్చీలు, ఒకదానికొకటి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సులు, యూపీఎస్ గదిలో దాచిన అట్టపెట్టెలు కనిపిస్తే ఫొటో తీయండి. మీ ఓనర్‌ను కదిలించేది తన ఆఫీసు ఫొటోయే.

కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపు దగ్గర కాసేపు ఆగండి. దాని అయస్కాంత తాళం కరెంటుతో పట్టుకుని ఉంటుంది. కరెంటు పోతే తెరుచుకోవాలి, కానీ దానికి బ్యాటరీ బ్యాకప్ ఉంటే మూసుకునే ఉంటుంది. ఫైర్ అలారం మోగగానే తాళం విడిపోయేలా కలిపారా, లోపలివైపు ఎమర్జెన్సీ బటన్ ఉందా అని మాటతో అడిగి వదిలేయకండి, నొక్కి చూడండి. అద్దాల గోడల ఆఫీసుల్లో తెరవడానికి కిటికీలు కూడా ఉండవు కాబట్టి నేనైతే దీనికే ఒక పూర్తి స్లైడు ఇస్తాను. మంటలార్పే సిలిండర్లలో పౌడర్ రకానికి ముల్లు పచ్చగీతలో ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ రకానికి ముల్లే ఉండదు, తూకం వేసి చూస్తారు. సర్వీసు తేదీ రెండింటికీ చూడాలి.

తర్వాత, మీరు చూసిన ఒక్కో ముప్పుకూ మార్కులు వేసే పట్టిక. జరిగే అవకాశానికి 1 నుంచి 5, జరిగితే నష్టానికి 1 నుంచి 5 వేసి గుణించడం అందరికీ తెలిసిన పద్ధతి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ప్యాంట్రీలో జారిపడటానికి 3, 2 వేస్తే 6 వస్తుంది. అగ్నిప్రమాదం అరుదని 1, నష్టం 5 వేస్తే వచ్చేది 5. అంటే తడి నేల పైకి, మంట కిందికి! అందుకే ప్రాణం పోగల వాటిని మార్కులతో పని లేకుండా విడిగా, పైన రాయండి.

మంటల మాటల్లో మనుషుల వల్ల వచ్చే ముప్పును వదిలేయకండి. పది మంది, అంతకు మించి ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం తప్పనిసరి. లేకపోతే యాభై వేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కమిటీ సభ్యుల పేర్లు అందరికీ కనిపించేచోట ఉన్నాయా, నైట్ షిఫ్టు అమ్మాయి క్యాబ్‌లో చివరిగా ఒంటరిగా దిగుతోందా అన్నవి కూడా రాయండి.

మొత్తం పదిహేను నిమిషాల్లో ముగించండి. చివరి స్లైడు డబ్బు అడిగే స్లైడు: ఏ పని, ఎంత ఖర్చు, ఎవరు చేస్తారు, ఏ తేదీలోగా. మెట్లు ఖాళీ చేయడానికి రూపాయి ఖర్చు లేదు గనుక దాన్ని ఆ రోజే చేయించండి. "చూద్దాం లెండి" అని ఓనర్ అంటే, ఎప్పుడు చూస్తారో తేదీ అడిగి అందరి ముందూ రాసుకోండి.

ఆ వారంలోనే అందరినీ లిఫ్టు లేకుండా కిందికి దింపి ఎంతసేపు పట్టిందో చూడండి. గర్భిణులు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగడానికి ఎవరు తోడుంటారో నిర్ణయించి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం ఒక కాపీ, ఫైర్ సర్వీసు నంబరు 101తో సహా, రాత్రి డ్యూటీ గార్డుకు ఆయన చదవగలిగే భాషలో ఇవ్వండి.