ముప్పు ఎక్కడ పుడుతోంది? - సందేహాలు, సమాధానాలు

తుపాన్లు, వరదల మీద మాకు వచ్చిన ఉత్తరాల్లో ఒక మాట పదే పదే కనిపించింది: "అంతా ప్రకృతి చేతిలో ఉంది, మనమేం చేయగలం?" వాన, గాలి, ఎండ మన చేతిలో లేని మాట నిజమే. కానీ ఆ నీళ్లు ఎవరి ఇంట్లోకి వస్తాయి, ఆ గాలికి ఎవరి గోడ కూలుతుంది, ఎవరు ముందుగా బయటపడతారు అన్నవి మాత్రం మనుషులు చేసిన పనులను బట్టే ఉంటాయి. అందుకు తార్కాణాలు మన కళ్ల ముందే ఉన్నాయి. కొన్ని ఉత్తరాలు, వాటికి సమాధానాలు ఇవి.

సందేహం: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో మా ఇల్లు మునిగింది. రోజుల తరబడి మేడ మీదే గడిపాం. అంత వాన పడితే ఏ ఊరైనా మునగాల్సిందే అంటున్నారు. నిజమేనా?
- ఓ గృహిణి, విజయవాడ

సమాధానం: వాన అసాధారణంగానే పడిందమ్మా. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అయితే మీ కాలనీని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి చేరే వాగు అది. దాని వరద ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది. కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఆ రోజు అదే జరిగింది. కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. నీళ్లు పాత దారి పట్టి ఊళ్లోకి వచ్చేశాయి.

ఆ పాత దారి ఏళ్ల తరబడి ఇళ్లతో, పూడికతో ఇరుకైపోయింది. కింద కొల్లేటి కథా అంతే. వరద నీటిని ఒడిలో పట్టుకోవాల్సిన సరస్సులో చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో చాలా చెరువులు కొట్టేసినా ఆక్రమణల సమస్య మళ్లీ తలెత్తింది. ఇక కొల్లేటి నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. అదీ మేట వేసి ఉంది. పైనుంచి వచ్చేది ఎక్కువ, కిందికి పోయేది తక్కువ. మధ్యలో నిలిచిన నీళ్లే మీ ఇంట్లోకి వచ్చాయి.

మరో సంగతి కూడా చెప్పాలి. పల్లపు నేల చౌక. అందుకే ఆటో తోలేవాళ్లు, రోజుకూలీలు, చిన్న ఉద్యోగులు అక్కడ స్థలం కొనుక్కున్నారు. తప్పు వాళ్లది కాదు. మెరకన స్థలం వాళ్లకు అందుబాటు ధరలో లేకపోవడమే అసలు కారణం.

సందేహం: 1977 ఉప్పెనలో మా తాతగారి వైపు చాలామంది పోయారని ఇంట్లో చెబుతారు. ఇప్పుడు తుపాన్లు వస్తున్నా అన్ని ప్రాణాలు పోవడం లేదు. తుపాన్ల బలం తగ్గిందా?
- డిగ్రీ విద్యార్థిని, అవనిగడ్డ

సమాధానం: తుపాన్లు తగ్గలేదు, మనం మారాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనకు సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. దాదాపు పదివేలమంది పోయారని అధికారిక లెక్క. అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువని ఆ ప్రాంతంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నేల బల్లపరుపుగా ఉంటుంది, ఎక్కడానికి మెరక లేదు. ఎక్కువవి తాటాకు ఇళ్లు. హెచ్చరిక రేడియోలో వచ్చినా రేడియో ఉన్న ఇళ్లెన్ని? విన్నా, పోవడానికి బండి ఎవరికుంది?

విపత్తుల అధ్యయనంలో ప్రామాణికంగా చెప్పే 'ఎట్ రిస్క్' అనే గ్రంథం 1994లో వచ్చింది. అందులో ఆంధ్ర తీరంలో దగ్గర దగ్గరగా బతుకుతున్న రెండు కుటుంబాల కథ ఉంది. ఒకరిది ఇటుక ఇల్లు, ధాన్యం వ్యాపారం, సొంత లారీ. ఆయన రేడియోలో హెచ్చరిక విని ఇంటిల్లిపాదినీ లారీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఇల్లు దెబ్బతింది, పశువులు కొన్ని పోయాయి. తిరిగొచ్చి దాచుకున్న డబ్బుతో ఇల్లు బాగుచేసుకుని, పశువులను కొని, మళ్లీ దుక్కి దున్నాడు. రెండో కుటుంబానిది పూరిల్లు, ఒక ఎద్దు, ఒక దూడ, అరెకరం మెట్ట, కాస్త కౌలు. ఇల్లు పూర్తిగా పోయింది. రెండు పశువులూ పోయాయి. చిన్నబిడ్డ నీళ్లలో పోయింది. రూపాయల లెక్కలో చూస్తే వీళ్లు పోగొట్టుకున్నది తక్కువే. కానీ తలదాచుకోవడానికే వడ్డీవ్యాపారి దగ్గర అప్పు చేయాల్సి వచ్చింది. వచ్చిన తుపాను ఒకటే. ఒకరికి అది ఆ ఏటి నష్టం, మరొకరికి బతుకంతా మోయాల్సిన బరువు.

ఈ తేడా నేటికీ పోలేదు. పంట మునిగితే పరిహారం పట్టాదారు పేరున పడుతుంది, పెట్టుబడి పెట్టిన కౌలురైతు చేతులు ఊపుకుంటూ నిలబడతాడు. కౌలురైతుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒకటి, 2019లో ఒకటి చట్టాలు వచ్చాయి. 2019 చట్టం కింద సాగుదారు కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. ఆ సంతకం దొరక్క ఎందరో సాయానికి దూరమయ్యారు.

ఇక మారినదేమిటంటారా? ఒడిశాను చూడండి. 1999 తుపానులో అక్కడ దాదాపు పదివేలమంది చనిపోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షలమందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య యాభై దాటలేదు. ముందస్తు హెచ్చరిక, పక్కా షెల్టర్లు, తరలించే యంత్రాంగం కలిస్తే ప్రాణాలు నిలబడతాయని అంతకన్నా రుజువు అక్కర్లేదు.

సందేహం: విపత్తుల్లో ఆడవాళ్లే ఎక్కువగా చనిపోతారని చదివాను. నీళ్లకు ఆడా మగా తేడా ఉంటుందా?
- ఉపాధ్యాయిని, నెల్లూరు

సమాధానం: నీళ్లకు ఉండదు, సమాజానికి ఉంది. 2004 సునామీలో తమిళనాడులోని నాగపట్నం, కడలూరు జిల్లాల్లో మగవారికన్నా ఆడవారే ఎక్కువమంది పోయారు. అలలు విరుచుకుపడే వేళకు వేటకెళ్లిన మగవాళ్లు నడిసముద్రంలో ఉన్నారు. అక్కడ సునామీ అల పెద్దగా తెలియదు. ఆడవాళ్లు ఒడ్డున పడవల కోసం ఎదురుచూస్తూనో, ఇంట్లో పిల్లలను చూసుకుంటూనో ఉన్నారు. మగపిల్లలకు వచ్చే ఈత ఆడపిల్లలకు ఎవరూ నేర్పరు. చీర కాళ్లకు చుట్టుకుంటుంది. చంకలో ఒక బిడ్డ, చేతిలో ఒక బిడ్డ ఉన్న తల్లి ఎంత దూరం పరుగెత్తగలదు?

1991లో బంగ్లాదేశ్ తుపానులో లక్షా 38 వేలమందికి పైగా పోయారు. వాళ్లలో ఆడవాళ్లు మగవాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. భర్త ఇంట్లో లేనిదే గడప దాటడానికి చాలామంది వెనకాడారు. షెల్టర్లలో మరుగు లేదు, వేరే మరుగుదొడ్లు లేవు. తర్వాత అక్కడ స్త్రీలను వాలంటీర్లుగా తీసుకున్నారు, ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లతో నేరుగా మాట్లాడించారు. ఇప్పుడు మరణాలు బాగా తగ్గాయి. మీ బడిలో ఆడపిల్లలకు ఈత నేర్పించే ఏర్పాటు చేయించగలిగితే అది ప్రాణాలు కాపాడే చదువే అవుతుంది టీచరుగారూ.

సందేహం: మడ అడవులు తుపానును ఆపుతాయని అధికారులు అంటారు, రొయ్యల చెరువులవాళ్లు అదంతా ఉత్తదంటారు. ఎవరి మాట నమ్మాలి?
- మత్స్యకారుడు, కాకినాడ జిల్లా

సమాధానం: మడ అడవి తుపానును ఆపదు. తుపాను తోసుకొచ్చే నీటి వేగాన్ని విరుస్తుంది. మీ కోరింగ వైపు తెల్లమడ, నల్లమడ చెట్ల మధ్య పడవలో వెళ్లి చూసే ఉంటారు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, గుబురుగా అల్లుకున్న కొమ్మలు. అందులోంచి రావాల్సిన అల అడుగడుగునా బలం కోల్పోతుంది. ఒడిశాలోని కేంద్రపడ జిల్లాలో 1999 తుపాను మృతుల లెక్కలను ఊరూరా తీసి చూశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో తక్కువమంది పోయారని తేలింది. ఆ పరిశోధన 2009లో వెలువడింది. ముందస్తు హెచ్చరిక అంతకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడిందని కూడా అందులోనే ఉంది. కాబట్టి రెండూ కావాలి. చెట్లున్నాయి కదా అని ఊళ్లో ఉండిపోకూడదు, షెల్టరు ఉంది కదా అని చెట్లు కొట్టకూడదు.

తీరంలో ఇసుక దిబ్బలనూ అలాగే చూడండి. దిబ్బను తవ్వి లారీలకెత్తితే ఆ చోట సముద్రానికి తలుపు తీసినట్టే. లాభం చెరువు యజమానికి, లారీ యజమానికి. ఉప్పెన వచ్చేది మాత్రం మీ పేటలోకి.

సందేహం: హైదరాబాద్ శివార్లలో చెరువు పక్కన ప్లాటు చూశాం. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయంటున్నారు. కొనవచ్చా?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: కాగితాలతో పాటు నీటి దారి చూడండి. ఈ నేల మీద చెరువులు ఒంటరిగా ఉండవు. అన్నీ గొలుసుకట్టు. పై చెరువు నిండితే అలుగు పారి, నాలా గుండా కింది చెరువుకు వస్తుంది. మధ్యలో నాలా మూసుకుపోయినా, శిఖం భూమిలో ఇళ్లు లేచినా నీళ్లు ఆగవు, దారి మార్చుకుంటాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదకు దాదాపు 15 వేలమంది బలయ్యారు. ఎగువన రెండొందలకు పైగా చెరువులు తెగడం ఆ వరదను అంత ఉధృతం చేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. పెద్ద వాన ఎప్పుడో ఒకప్పుడు పడి తీరుతుంది.

మీరు చేయాల్సినవి: చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు, దాని చుట్టూ వదలాల్సిన బఫర్ ఎక్కడిదాకా ఉన్నాయో హెచ్‌ఎండీఏ పటాల్లో చూడండి. ఊరి నక్షా తీసి వాగు, నాలా, తూము ఎక్కడున్నాయో పోల్చండి. ఆ ఊరి పెద్దవాళ్లను "వానకాలం ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చేవి?" అని అడగండి. ప్లాటు ఆ హద్దులో ఉంటే, ధర ఎంత ఊరించినా కొనకండి. మీరు కట్టే గోడ వల్ల పక్క బస్తీ మునిగే ప్రమాదం కూడా ఉంది.

సందేహం: వడగాడ్పును కూడా విపత్తు అంటున్నారు. ఎండలు ఎప్పుడూ ఉన్నవే కదా?
- విశ్రాంత ఉద్యోగి, నల్లగొండ

సమాధానం: ఎండ పాతదే. కాలిపోయే ఇళ్లు, నీడ లేని వీధులు కొత్తవి. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,700 మందికి పైగా వడదెబ్బతో పోయారు. ఎక్కువమంది వృద్ధులు, కూలీలు. రేకుల ఇంట్లో రాత్రికీ వేడి దిగదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు కాబట్టి మిట్టమధ్యాహ్నమూ పనిలోనే ఉంటారు. అహ్మదాబాద్ 2013లో వడగాడ్పుల ప్రణాళిక తెచ్చి ముందస్తు హెచ్చరికలు, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు, కప్పులకు తెల్లసున్నం వంటి పనులు చేపట్టింది. తెలంగాణ 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది. దాన్ని ముందు అమలు చేయాల్సింది పెద్ద భవనాల మీద కాదు, రేకుల ఇళ్ల మీద.

సందేహం: ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి. ఊరివాళ్లం మేమేం చేయగలం?
- గ్రామ సంఘం సభ్యురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: ప్రభుత్వం చేయాల్సినవి చాలా ఉన్నాయి, అడగడం మానకండి. మీరు చేయగలిగినవీ తక్కువేం కాదు. అక్టోబరు రాకముందే ఊళ్లో ఒక జాబితా రాయండి: మంచం దిగలేని వృద్ధులు, వికలాంగులు, గర్భిణులు, ఫోను లేని ఇళ్లు, ఊరి చివర విడిగా ఉన్న పేట. ఒక్కో ఇంటికి ఎవరు వెళ్లి తీసుకురావాలో పేరు రాసుకోండి. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో, అందులో నీళ్లు, మరుగుదొడ్లు పనిచేస్తున్నాయో వెళ్లి చూడండి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077 ప్రతి గోడ మీదా రాయించండి. వాగు, చెరువు కాలువ ఆక్రమణ ఉంటే గ్రామసభలో లేవనెత్తి తీర్మానం రాయించండి. తుపాను కబురు వచ్చిన రోజున ఇవేవీ చేసే వ్యవధి ఉండదు. ఈ వారమే మొదలుపెట్టండి, జాబితాలో మొదటి పేరు ఊరి చివరి ఇంటిదే కావాలి.