ఎనిమిదవ స్థానమునుండి మొదటి స్థానమునకు



త్రైమాసిక పరీక్షాఫలితములు ప్రకటించిన దినమున మన పాఠశాల వరండాలో రెండు గుంపులు కనబడును. ఒక గుంపు నవ్వుచు కేకలు వేయుచుండును; రెండవ గుంపు చెట్టు నీడకు జరిగి నేల చూచుచుండును. ఈ వ్యాసమును ముఖ్యముగా ఆ రెండవ గుంపువారికొఱకు వ్రాయుచున్నాను. ఇది కల్పితమైన నీతికథ కాదు; అంకెలతో సరిచూచుకొనదగిన ఒక క్రికెట్ జట్టు చరిత్రము.

ఆటగాండ్రకు జీతమిచ్చి నగరము పేర జట్టు నడుపు పద్ధతి అమెరికాదేశమున బేస్‌బాల్ ఆటయందు 1869వ సంవత్సరముననే సిన్సినాటి జట్టుతో బహిరంగముగా మొదలైనది. మన దేశమున క్రికెట్ ఆటలో ఇట్టి పద్ధతితో 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ మొదలాయెను. అప్పుడు ఎనిమిది జట్లుండెను. ప్రతి జట్టును తక్కిన ఏడింటితో రెండేసి పర్యాయములు, అనగా మొత్తము 14 ఆటలు ఆడవలసియుండెను. గెలుపునకు రెండు పాయింట్లు. మొదటి నాలుగు స్థానములవారు అప్పట్లో సెమీఫైనలుకు పోవుచుండిరి.

హైదరాబాదు నగరము పేర ఏర్పడిన జట్టు డెక్కన్ ఛార్జర్స్. అందులో ప్రసిద్ధులకు కొదువ లేదు. మన తెలుగువాడైన వి. వి. యస్. లక్ష్మణ్ నాయకుడు, ఆస్ట్రేలియావారు గిల్‌క్రిస్ట్, సైమండ్స్, దక్షిణాఫ్రికావాడు గిబ్స్. వేలములో సైమండ్స్ ఒక్కనికే పదమూడున్నర లక్షల డాలర్లు వెచ్చించిరి. ఇంత వ్యయమైనను 2008లో ఆ జట్టు ఆడిన 14 ఆటలలో గెలిచినవి రెండు, ఓడినవి పండ్రెండు. దక్కినది ఎనిమిదవ స్థానము, అనగా కడపటిది.

మరుసటి సంవత్సరము గిల్‌క్రిస్ట్ నాయకుడాయెను. డారెన్ లేమన్ శిక్షకుడుగా వచ్చెను. క్రొత్తవారు కొందఱు చేరినను గిబ్స్, సైమండ్స్, రోహిత్ శర్మ, ఆర్. పి. సింగ్, ప్రజ్ఞాన్ ఓఝా, విశాఖపట్టణపు వేణుగోపాలరావు మొదలగువారు పాతవారే. ఆ 2009లో మన దేశమున సార్వత్రిక ఎన్నికలు జరుగుటచే పోటీలన్నియు దక్షిణాఫ్రికాకు తరలింపబడెను. కావున హైదరాబాదు జట్టు ఆ యేడు హైదరాబాదులో ఒక్క ఆటయు ఆడలేదు. అయినను ఆ దేశము తెలుగువారికి బొత్తిగా క్రొత్తది కాదు. 1860 మొదలు చెఱకుతోటల కూలికై నేటాలు సీమకు పోయినవారిలో అనేకులు ఉత్తర ఆర్కాటు జిల్లావారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువఱకు మన పలమనేరును ఆ జిల్లాలోనిదే.

ఛార్జర్స్ జట్టు మొదటి నాలుగు ఆటలును వరుసగా గెలిచెను. వెంటనే మూడింటిని వరుసగా ఓడెను. మే 6వ తేదీన బ్యాటుకు పేరొందిన రోహిత్ శర్మ బంతి పట్టి, ముంబయి జట్టుపై వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీసెను. మే 16న కోల్‌కతా జట్టుపై చివరి ఓవరులో 21 పరుగులు కావలసియుండగా, అతడే కడపటి బంతికి సిక్సరు కొట్టి గెలిపించెను. మరునాడే పంజాబు జట్టు చేతిలో ఒక్క పరుగు తేడాతో ఓటమి! లీగు ముగియునప్పటికి లెక్క యిట్లుండెను: గెలుపులు 7, ఓటములు 7, పాయింట్లు 14, స్థానము నాలుగవది. సగము ఆటలు ఓడినవారే సెమీఫైనలుకు చేరిరని గమనింపుడు.

సెమీఫైనలులో ఎదిరి పట్టికలో మొదటిదైన ఢిల్లీ జట్టు. గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేసి ఆ కొండను దాటించెను. మే 24వ తేదీన జొహానెస్‌బర్గులో ఫైనలు జరిగెను. ఎదిరి బెంగుళూరు జట్టు. అదియు క్రిందటి యేడు ఏడవ స్థానముననుండినదే! 2008 పట్టికలో అడుగుననున్న రెండు జట్లే 2009లో కిరీటమునకై పోరాడినవన్నమాట. మన ఊరికి హైదరాబాదుకంటె బెంగుళూరే దగ్గఱ గనుక ఆ రాత్రి మా యింటనే రెండు పక్షములేర్పడెను.

రెండు దినములకు ముందు జట్టును గట్టెక్కించిన గిల్‌క్రిస్ట్ ఆనాడు మొదటి ఓవరులోనే కుంబ్లే బంతికి సున్నకు వెడలిపోయెను. అప్పుడు గిబ్స్ తొందరపడక చివరివఱకు నిలిచి 48 బంతులలో 53 పరుగులు చేసెను. జట్టు మొత్తము 143. బెంగుళూరువారు లక్ష్యమును సమీపించుచుండగా సైమండ్స్, ఓఝా వికెట్లు తీసి అడ్డుకట్ట వేసిరి. చివరి ఓవరులో 15 పరుగులు కావలసియుండగా ఆర్. పి. సింగ్ ఎనిమిదే యిచ్చెను. ఆరు పరుగుల తేడాతో డెక్కన్ ఛార్జర్స్ గెలిచెను. అయినను ఆ ఆటలో ఉత్తముడని బహుమానము పొందినవాడు ఓడిన జట్టు నాయకుడైన కుంబ్లే. 16 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసినవాడు.

ఇందువలన గ్రహింపవలసినవి మూడు. ఒకటి: కడపటి స్థానమనునది ఒక యేటి లెక్క మాత్రమే, అది మనుష్యుని పేరు కాదు. రెండు: గెలిచినవాడనగా ఓడనివాడు కాడు, ఓడిన మరునాడు మరల మైదానమునకు వచ్చువాడు. మూడు: ఎంతటి ప్రవీణునికైనను సున్నదినము ఒకటి వచ్చును, ఆ దినమున ప్రక్కవాడు నిలువవలెను.

అయితే గెలుపును శాశ్వతము కాదు. ఆ జట్టు 2012తో అంతరించెను. 2013నుండి హైదరాబాదు పేర సన్‌రైజర్స్ అను వేఱొక జట్టు ఆడుచున్నది. కావున మొదటి గుంపువారును ఈ పాఠమును చదువవలెను.

క్రిందటి నెలలో ఒక బాలుడు తన మార్కుల పత్రమును మడిచి జేబులో దాచుకొని, “అయ్యవారూ, నేను కడపటివాడను,” అనెను. నేను వానిచేత పై లెక్కను నల్లబల్లమీద వ్రాయించితిని: 2, 12, క్రింద 7, 7. వాడు చాలసేపు దానిని చూచి, తన పత్రమును విప్పి, ఏ పాఠ్యాంశమున ఎన్ని మార్కులు తక్కువైనవో తానే లెక్కింప మొదలిడెను. మీరును అట్లే చేయుడు. అర్ధసంవత్సర పరీక్షకు ఇంకను వ్యవధి యున్నది.