చలనచిత్రములను డిస్కులయందు భద్రపఱచుట: ప్రతి, సంపీడనము, గుణహాని

1. విషయ నిర్దేశము

భారతీయ భాషా శాఖలలో నేడు రెండు విధములైన భాండారములు కలవు. మొదటిది తాళపత్రములు, కాగితపు వ్రాతప్రతులు, అచ్చుపుస్తకములు గలది. దానికి సూచికలు కలవు; పరిష్కరణ సూత్రములు కలవు; పెద్దల అనుభవము కలదు. రెండవది గడచిన కొన్ని దశాబ్దములలో క్షేత్ర పర్యటనలవలన పోగైన దృశ్య సంపద. తెలుగున తోలుబొమ్మలాట, ఒగ్గుకథ, బుఱ్ఱకథ, వీధిభాగవతము, కన్నడమున యక్షగానము, తమిళమున తెరుక్కూత్తు, కేరళమున కూడియాట్టము: ఇట్టి ప్రదర్శనలు చిన్న వీడియో టేపులమీదను, డిస్కులమీదను నిలిచియున్నవి. తెలుగుదేశమునకు దూరమున నున్న శాఖలలో ఈ భాండారమునకు విలువ మఱింత హెచ్చు. తోలుబొమ్మలాటను కన్నులార చూడని విద్యార్థికి ఆ చిత్రమే పాఠ్యగ్రంథము.

ఈ చిత్రములను వ్రాయదగిన డిస్కులలో గుణహాని లేకుండ ఇముడ్చుట యెట్లు అనునది ఈ వ్యాసమునకు విషయము. దీనిని సాంకేతికుని పనిగా మనము సాధారణముగా తలంతుము. కాని ఇది నిజమునకు పరిష్కర్త పని. ఏది నిలుపవలెను, ఏది విడువవచ్చును అను నిర్ణయమును మూలము నెదుట నుంచుకొని ఒక్కమాఱే చేసి, ఆ నిర్ణయమును లిఖించి యుంచవలెను. అట్లు చేయనిచో కలుగు నష్టము చూపునకే కాక భాషాశాస్త్రమునకును తగులును.

2. డిస్కు పరిమాణము

1982లో విక్రయమునకు వచ్చిన సీడీ, 1996లో మొదట జపానున వెలువడిన డీవీడీ, ఆ తరువాతి బ్లూరే, ఈ మూడును 12 సెంటీమీటర్ల వ్యాసము గల పలకలే. భేదము లేఖనమున నున్నది. సీడీకి వాడు లేజరు కిరణపు తరంగదైర్ఘ్యము 780 నానోమీటర్లు, డీవీడీకి 650, బ్లూరేకు 405. దారికిని దారికిని నడుమ ఎడము సీడీలో 1.6 మైక్రానులు, డీవీడీలో 0.74, బ్లూరేలో 0.32. గంటము మొన సన్నమైనకొలది ఆకునందు పంక్తులు హెచ్చుగా పట్టినట్లే ఇదియును. అందువలన సీడీలో సుమారు 70 కోట్ల బైట్లును, ఒంటిపొర డీవీడీలో 470 కోట్ల బైట్లును, రెండుపొరల డీవీడీలో 850 కోట్ల బైట్లును, ఒంటిపొర బ్లూరేలో 2,500 కోట్ల బైట్లును పట్టును.

ఇచట క్రొత్తవారికి ఒక సందేహము కలుగును. డిస్కుపై 4.7 గిగాబైట్లని ముద్రించియుండగా కంప్యూటరు 4.38 అని చూపును. డిస్కు చేయువారు వేయింటి లెక్కను, కంప్యూటరు 1,024 లెక్కను అనుసరించుటయే దీనికి కారణము. చోటు తఱుగలేదు, కొలపాత్ర మాఱినది.

ఇక చిత్రపు పరిమాణము. మన దేశపు టెలివిజను పద్ధతికి తగిన డీవీడీ చిత్రమున ఒక్కొక్క ఫ్రేమునందు అడ్డముగా 720, నిలువుగా 576 బిందువులుండును. సెకనునకు 25 ఫ్రేములు. బిందువునకు సగటున 12 బిట్లు చొప్పున లెక్కించినచో సెకనునకు 12 కోట్ల 44 లక్షల బిట్లగును. ఈ రీతిగా వ్రాసినచో ఒంటిపొర డీవీడీ అయిదు నిమిషములలో నిండిపోవును. కావున మనము చూచిన ప్రతి డీవీడీ చిత్రమును అంతకుముందే కుదింపబడినదని గుర్తింపవలెను. ఈ కుదింపునకే సంపీడనమని పేరు.

3. సంపీడనము: రెండు తెఱగులు

సంపీడనము రెండు తెఱగులు. మొదటిది నష్టరహితము. మన కావ్యప్రతులలో కందమునకు ‘క’ యనియు, సీసమునకు ‘సీ’ యనియు, ఉత్పలమాలకు ‘ఉ’ యనియు వ్రాయుట కలదు. చదువరి దానిని పూర్ణరూపమున గ్రహించును, ఏమియు పోదు. తఱచు వచ్చుదానికి చిన్న గుర్తును, అరుదుగా వచ్చుదానికి పెద్ద గుర్తును ఉంచు పద్ధతిని 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రకటించెను. ఇది నష్టరహితమున కొక మూలసూత్రము. కాని దీనివలన మాత్రమే చలనచిత్రము డీవీడీలో ఇముడదు.

రెండవది నష్టసహితము. కంటికి అంతగా తెలియని దానిని విడిచి, తెలియుదానిని నిలుపుట దీని పద్ధతి. ముందు ఫ్రేమునకును వెనుక ఫ్రేమునకును గల భేదమునే తఱచుగా వ్రాయుదురు. కదలని తెఱను మాటిమాటికి వ్రాయరు. ఆపైన చిత్రమును ఎనిమిదింటికి ఎనిమిది బిందువుల చదరములుగా విభజించి, ఒక్కొక్క చదరమును స్థూల సూక్ష్మ అంశములుగా విడదీయుదురు. ఈ విభజన గణితమును బెంగళూరున జన్మించిన నాసిర్ అహ్మద్ గారు టి. నటరాజన్, కె. ఆర్. రావు గార్లతో కలిసి 1974లో ప్రకటించిరి. మన డీవీడీలలోని చిత్రమంతయు ఆ గణితముపైననే నిలిచియున్నది.

విభజనవలన నష్టము లేదు. విభజించిన అంశములను గుండుసున్న చేయునపుడే నష్టము కలుగును. బిట్లు చాలినన్ని యున్నచో ఈ సవరణ స్వల్పము, కంటికి కానరాదు. చాలనిచో సూక్ష్మాంశములు ముందుగా పోవును. తోలుబొమ్మ ఒడలిపై తొలిచిన సన్నని రంధ్రములు అలుకుకొనిపోవును. వేగముగా త్రిప్పిన చేయి చదరములుగా చెదరును. పోయిన అంశమును ఏ యంత్రమును తిరిగి తేలేదు.

4. ఇముడ్చు గణితము

ఎంత కుదింపవలెనో తెలియుటకు భాగాహారము చాలును. డిస్కులోని బిట్లను చిత్రపు సెకనులచే భాగింపవలెను. ‘మాయాబజారు’ (1957) నిడివి సుమారు మూడు గంటలు, అనగా 10,800 సెకనులు. అంతటి నిడివి గల చిత్రమునకు ఒంటిపొర డీవీడీలో సెకనునకు 34.8 లక్షల బిట్లు మాత్రమే లభించును. రెండుపొరల డీవీడీలో 63 లక్షలు లభించును. రెండు గంటల చిత్రమునకైనచో ఒంటిపొరలోనే 52 లక్షలు దొరకును. డీవీడీ ప్రమాణము దృశ్యమునకు అనుమతించు పరమావధి 98 లక్షలు. రెండుపొరల డిస్కులో నిండుగా నున్న చిత్రమును ఒంటిపొరలో ఇముడ్చువారు నూటికి 45 పాళ్లను విడుచుచున్నారని ఈ లెక్కవలన తేలును. మీట నొక్కినంతనే పని ముగియును గనుక ఈ విడుపు వారి కెఱుకపడదు.

దీనికి మాఱుగా అనుసరింపదగిన మార్గములు, మేలైన వరుసలో, ఇవి:

(అ) అక్కఱలేనిదానిని తొలగించుట. సూచిక తెఱలు, ప్రకటనలు, అధిక ధ్వనిమార్గములు తీసివేసి, ప్రధాన చిత్రమును ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాయవచ్చును. ఇందు మిగిలినదానికి నష్టము సున్న.

(ఆ) రెండు డిస్కులుగా విభజించుట. సినిమాకు విశ్రాంతి కలదు. కథాగానమునకు ఘట్టాంతము కలదు. అచట విఱిచినచో చిత్రము చెడదు, కథయు చెడదు.

(ఇ) రెండుపొరల వ్రాయదగిన డిస్కును వాడుట. ఇవి 2004నుండి విక్రయమునకు వచ్చినవి.

(ఈ) తప్పనిసరియైనచో మూలమునుండియే మఱల సంపీడించుట. అపుడును రెండుమాఱుల పద్ధతి నవలంబింపవలెను. మొదటిమాఱు యంత్రము చిత్రమంతయు చదివి ఏ ఘట్టమునకు ఎన్ని బిట్లు కావలెనో గ్రహించును, రెండవమాఱు వ్రాయును. నిలుకడగా కూర్చున్న కథకునికి తక్కువ, వీరనృత్యమునకు ఎక్కువ లభించును. గ్రంథమంతయు ఒకమాఱు చదువక పరిష్కరణమునకు పూనుకొను పండితుడుండడు గదా.

(ఉ) క్రొత్త సంపీడన ప్రమాణమును వాడి సామాన్య ఫైలుగా భద్రపఱచుట. 2003లో స్థిరపడిన హెచ్.264 ప్రమాణము డీవీడీలలోని ఎంపెగ్-2 ప్రమాణమునకు కావలసిన బిట్లలో సుమారు సగముతోనే అట్టి గుణము నిచ్చును. కాని పాత డీవీడీ ప్లేయర్లు ఇట్టి ఫైలును చదువలేవు.

పైన సినిమాను కొలతకొఱకు మాత్రమే చెప్పితిని. పరుల హక్కులు గల చిత్రముల విషయమున 1957నాటి కాపీరైటు చట్టము వర్తించును; హక్కులను భంగపఱచు నుద్దేశముతో సాంకేతిక రక్షణలను ఛేదించుట 2012నాటి సవరణవలన నేరమైనది. శాఖలు తమ పర్యటనలలో తామే తీసిన చిత్రములే ఇచట ప్రకృతము.

5. ప్రతికి ప్రతి

డిజిటల్ ప్రతికి తాళపత్రమునకు లేని గుణ మొకటి కలదు. బైటుకు బైటు ఎత్తి వ్రాసినచో వేయవ ప్రతియు మూలముతో సమానము. లేఖకదోషము లేదు. కాని మఱల సంపీడించిన ప్రతి అట్టిది కాదు. టేపునుండి డీవీడీ, డీవీడీనుండి సీడీ, సీడీనుండి చేతిఫోను ఫైలు: ఇట్లు సాగిన పరంపరలో ప్రతి మెట్టునందును క్రొత్త దోషము పాతదోషముపై చేరును. చివరి ప్రతిని చూచువారికి ఏది ఎచట పోయినదో తెలియదు.

తాళపత్ర విషయమున మనకొక ఆధారము కలదు. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను ఒకే గ్రంథమునకు పెక్కు ప్రతులు సేకరించి, పండితులచే పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక ప్రతిలో గ్రంథపాతమున్నచో మఱియొక ప్రతి పూరించెను. ఒక రాత్రి ఒక పల్లెలో జరిగిన ప్రదర్శనకు అట్టి ప్రత్యంతరము లేదు. టేపు ఒక్కటే సాక్షి.

ఆ టేపు లెక్కయు చూతము. 2000 ప్రాంతమున క్షేత్ర పర్యటనలలో విరివిగా వాడిన మినీ డీవీ టేపునందు గంటకు సుమారు 1,300 కోట్ల బైట్లు పట్టును. మూడు గంటల ప్రదర్శనకు 3,900 కోట్లు. దీనిని ఉన్నదున్నట్లు వ్రాయుటకు ఒంటిపొర డీవీడీలు తొమ్మిది కావలెను. ఒంటిపొర బ్లూరేలు రెండు చాలును. ఇదే ప్రదర్శనను చూచుటకు వీలుగా ఒక్క డీవీడీలో ఇమిడ్చినచో దృశ్యమునకు టేపులోని బిట్లలో సుమారు ఏడవ వంతు మిగులును. తరగతిలో చూపుటకు అది చాలును. కాని అట్టి డిస్కు నొకదానిని చేసి, భద్రమైనదని తలచి, టేపును మఱల వాడుట మూలగ్రంథమును కాల్చి సంగ్రహమును దాచుట వంటిది.

6. ధ్వని విషయము

భాషా పండితులు ప్రత్యేకముగా గమనింపవలసినది ధ్వని. సంపీడన యంత్రములు కంటికి ముందుపీట వేయును; మనకు చెవి ప్రధానము. ‘స’కారమునందలి శక్తి ఎక్కువగా సెకనునకు 4,000 కంపనములకు పై భాగమున నుండును, శకార షకారములది అంతకంటె క్రిందినుండి ఆరంభమగును. తక్కువ బిట్లతో ధ్వనిని కుదించినపుడు ఈ పై భాగమే ముందుగా క్షీణించును. అట్టి ప్రతిని విని మాండలికమును వివరించు పరిశోధకుడు యంత్రదోషమును వక్త ఉచ్చారణగా భ్రమించు ప్రమాదము కలదు. లేఖకదోషము పాఠభేదముగా చలామణి యగుట మన మెఱిగినదే. ఇది దాని నూతన రూపము. ఒకమాఱు సిద్ధాంత వ్యాసమున చేరినపిదప దానిని తొలగించుట కష్టము.

పరిహారము సులభము. సంపీడింపని రెండు మార్గముల ధ్వని సెకనునకు 15,36,000 బిట్లు తీసికొనును. మూడు గంటలకు సుమారు 207 కోట్ల బైట్లు. సంపీడింపని దృశ్యము అయిదు నిమిషములకే నింపివేయు డిస్కునందు మూడు గంటల నిండు ధ్వని సగము చోటునకు లోపలనే ఇముడును. కావున చూచు డిస్కునకు తోడుగా ధ్వనికి వేఱొక డిస్కు నుంచినచో ఉచ్చారణ పరిశోధనకు లోపముండదు. ఒక్క డిస్కు వ్యయముతో తీరు పని యిది.

7. ఉపసంహారము

పై పరిశీలనవలన శాఖలు పాటింపదగిన క్రమ మిట్లు తేలుచున్నది. మొదట టేపునందలి దానిని సంపీడింపక ఎత్తి మూలప్రతిగా నుంచవలెను. దానికి రెండు నకళ్లు చేసి రెండు చోట్ల దాచవలెను. చూచు ప్రతిని మూలమునుండియే చేయవలెను. మఱియొక చూచు ప్రతినుండి చేయరాదు. డిస్కుతోపాటు ఒక పత్రమున ప్రదర్శన తేదీ, స్థలము, మూలము, సంపీడన ప్రమాణము, బిట్ల రేటు, తొలగించిన భాగములు వ్రాసియుంచవలెను. వ్రాసిన డిస్కును మూలముతో యంత్రముచే సరిచూపవలెను. ఎండకును వేడికిని దూరముగా నుంచవలెను. వ్రాయదగిన డీవీడీలలోని రంజకద్రవ్యము వెలుతురునకును వేడికిని చెడును గనుక కొన్ని ఏండ్లకొకమాఱు పరీక్షించి క్రొత్త సాధనమునకు మార్చవలెను.

ఈ పనికి వ్యవధి తక్కువ. 2025 ఫిబ్రవరిలో సోనీ సంస్థ వ్రాయదగిన బ్లూరే డిస్కుల తయారీతోపాటు మినీ డీవీ టేపుల తయారీని గూడ నిలిపివేసినది. టేపు బాగుగనే యుండి, దానిని చదువు యంత్రము దొరకని దినము రాగలదు. శాసనము శిథిలమైనను అక్షరములను కన్నులతో చదువవచ్చును. టేపును కన్నులతో చదువలేము. కావున ప్రతి శాఖయు తన బీరువాలోని టేపులకు ముందుగా సూచిక తయారుచేసి, మఱియొక సాక్షి లేని ప్రదర్శనలను గుర్తించి, వానితోనే పని నారంభించుట యుక్తము.