గుడ్ల కోళ్లలో వైరస్ తెగుళ్లు – జాతి బలము ఎంతవరకు?



2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులోను, తూర్పు గోదావరి జిల్లా కానూరులోను కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ అయినది. అట్టి తెగుళ్లను తట్టుకొను కోడిజాతి లేదా అను ప్రశ్న మీకు కలుగుట సహజము. జవాబు తెగులును బట్టి మారును. దోమపోటును తట్టుకొను వరి రకము ఎండాకు తెగులుకు లొంగవచ్చును గదా! కోడిలోను అంతే.

మారెక్స్ వ్యాధి: దీనిని 1907లో హంగేరి పశువైద్యుడు మారెక్ వర్ణించెను. పడుచు పెట్టలు ఒక కాలు ముందుకు, ఒకటి వెనుకకు చాచి పడిపోవును. లోపలి అవయవములలో కంతులు పుట్టును. వైరస్ ఈకల పొట్టుతో వ్యాపించును. దీనిని తట్టుకొను గుణము వంశములో కలదు. బి-21 అను రక్తపు రకము గల కోళ్లలో నష్టము తక్కువ. అయినను టీకా మానరాదు.

కొక్కెర తెగులు: దీనినే రాణిఖేత్ అందురు. నాటుకోడికి ఇది రాదనుట పొరపాటు. పెరటి కోళ్లును గుంపులుగా చచ్చును. టీకాయే రక్ష.

బర్డ్ ఫ్లూ: దీనిని తట్టుకొను కోడి అమ్మకములో లేదు. 2023లో బ్రిటనులోని రోస్లిన్ సంస్థ శాస్త్రజ్ఞులు ఒక జన్యువును సవరించిన కోళ్లను పరీక్షించిరి. సాధారణ మోతాదు వైరస్‌కు 10 కోళ్లలో 9 తట్టుకొన్నవి. మోతాదు వెయ్యి రెట్లు పెంచగా 10లో 5 కోళ్లకు సోకినది.

తెగులులో బ్రతికిన పెట్టల నుండి జాతి కట్టుదమని తలపవద్దు. షెడ్డులో పుంజు లేదు గనుక ఆ గుడ్లు పిల్లలు కావు. పుంజును కలిపినను, ఇవి పలు వంశముల సంకరములు; పిల్లలన్నియు తల్లిని పోలవు. పైగా బ్రతికిన కోడి వైరస్‌ను మోయుచుండవచ్చును. జాతిని ఎన్నుకొను పని హేచరీ వారిది. మీరు చేయవలసినవి ఇవి:

1. మారెక్స్ టీకా మొదటి రోజుననే హేచరీలో వేసిరా అని అడిగి పిల్లలను కొనవలెను.

2. ఆ టీకా పనిచేయుటకు వారము పైగా పట్టును. అంతవరకు పిల్లలను పెద్ద కోళ్లకు దూరముగా వేరు షెడ్డులో ఉంచవలెను. ముందు పిల్లల పని, తరువాతనే పెద్ద కోళ్ల పని చేయవలెను.

3. కొక్కెర టీకాలను పశువైద్యుడు చెప్పిన గడువులలో వేయించవలెను. టీకా మందును మంచులోనే తేవలెను.

4. కాలువలకు, చెరువులకు వచ్చు నీటిపక్షులు షెడ్డులో దూరకుండ వల కట్టవలెను. బయటి ట్రేలను, బండి చక్రములను మందునీటితో కడుగవలెను.

5. కోళ్లు హఠాత్తుగా చచ్చినచో వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. చచ్చిన కోళ్లను కాలువలో వేయరాదు. ఆ నీరే దిగువ ఊరి షెడ్డుకు చేరును.