లినక్స్ కోసం గేమ్‌ను మళ్లీ తయారుచేయాలా?

తెరపై బొమ్మ గీయడానికి, శబ్దం వినిపించడానికి ప్రతి గేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ సాయం తీసుకుంటుంది. విండోస్ గేమ్‌లు ఎక్కువగా డైరెక్ట్‌ఎక్స్ ద్వారా ఆదేశాలిస్తాయి. లినక్స్‌కు అవి అర్థం కావు. లినక్స్ కోసం వేరే కూర్పు తయారుచేస్తే, ప్రతి మార్పునూ రెండుచోట్లా పరీక్షించాలి. వాడేవారు కొద్దిమందే ఉన్నప్పుడు చిన్న సంస్థలకు అది భారమే.

1993లో మొదలైన వైన్ ప్రాజెక్టు మరో దారి చూపింది. విండోస్‌కు వెళ్లే ఆదేశాలను అది లినక్స్‌కు తెలిసిన రూపంలోకి మారుస్తుంది. దాని ఆధారంగా వాల్వ్ సంస్థ 2018లో ప్రోటాన్‌ను విడుదల చేసింది. ఇందులో డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలు వల్కన్ ఆదేశాలుగా మారతాయి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో వేలాది విండోస్ గేమ్‌లు ఇలాగే నడుస్తున్నాయి.

మిగిలిన పెద్ద అడ్డంకి, ఆన్‌లైన్ పోటీల్లో మోసాన్ని పట్టే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్. కొన్ని విండోస్ కెర్నల్ లోపల పనిచేస్తాయి. ప్రోటాన్ వాటిని నడపలేదు. మరికొన్ని ప్రోటాన్‌లో పనిచేసినా, గేమ్ సంస్థ అనుమతించాలి. మోసాలు పెరిగాయంటూ 'ఏపెక్స్ లెజెండ్స్' 2024లో లినక్స్‌ను నిలిపివేసింది.

కాబట్టి ఒక్కరే ఆడే గేమ్‌కు వేరే కూర్పు అక్కర్లేదు, ప్రోటాన్‌లో పరీక్షిస్తే చాలావరకు సరిపోతుంది. ఆన్‌లైన్ పోటీ గేమ్‌కు మాత్రం ఆ నిర్ణయం ముందే తీసుకుని, కొనేవారికి స్పష్టంగా చెప్పాలి.